వెర్నా చూసిన నెర్రెలు

వెర్నా హాటెన్‌స్టైన్‌కి నాణేల గురించి ఓనమాలు రావు. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోదు గానీ, తనే నలుగురిలో గర్వంగా చెప్పుకుంటుంది. ఎవరైనా వెండి డాలర్ పట్టుకొచ్చి "ఎలా ఉందంటావు వెర్నా?" అని అడిగితే, "నాణెం సంగతి నన్నడక్కు, అది నీ తలనొప్పి. దాన్ని పెట్టిన డబ్బీ సంగతి అడుగు, చెబుతాను" అంటుంది. అలాంటి మనిషి మా హైన్స్‌బర్గ్ అగ్నిమాపక దళం వాళ్ల ఫైర్ హాల్లో ఏడాదికి రెండుసార్లు జరిగే నాణేల సంతలో పధ్నాలుగేళ్లుగా ఒక బల్ల వేసుకుని కూర్చుంటోంది. పెన్సిల్వేనియాలో ఈ మూలనున్న నాలుగు కౌంటీల్లో ఎవరి డబ్బీ దెబ్బతిన్నా, "ముందు వెర్నాకి చూపించు" అన్నదే మొదటి మాట.

డబ్బీ అంటే తమాషా కాదు. మంచి నాణేన్ని గ్రేడింగ్ కంపెనీకి పంపితే, వాళ్లు అది అసలుదో కాదో తేల్చి, ఒకటి నుంచి డెబ్బై లోపు ఒక అంకె ఇచ్చి, ఆ అంకె రాసిన చీటీతో సహా నాణేన్ని గాజులాంటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, మళ్లీ తెరవడానికి వీల్లేకుండా అతికేసి పంపుతారు. ఆ అతుకు ఉన్నన్నాళ్లే ఆ అంకెకి విలువ. అతుకు ఊడిందా, అంకె గాలికి పోయినట్టే. అందుకని మా వాళ్లు పిల్లలు మెట్ల మీంచి పడితే "లేచి దులుపుకోరా" అంటారు గానీ, డబ్బీ బల్ల మీంచి కిందపడితే మాత్రం గుండె పట్టుకుని కూలబడతారు. పడ్డాక ఊరుకుంటారా, అదీ లేదు. ఒకడు టేపు అంటిస్తాడు, ఒకడు టూత్‌పేస్టు పెట్టి రుద్దుతాడు. ఇంకో మహానుభావుడు పగులులో జిగురు పోస్తాడు.

ఆ మహానుభావుడు వెర్నా మొగుడే. పేరు క్లెయిర్. జీవితమంతా పాల లారీ తోలాడు, సంపాదనలో చిల్లర మిగిలినప్పుడల్లా నాణేలు కొన్నాడు. ఒక చలికాలం ఉదయం అతను నేలమాళిగలోంచి ఏడుపు మొహంతో పైకొచ్చాడు. చేతిలో డబ్బీ, డబ్బీలో వెండి డాలర్, డాలర్ మీద కిటికీ అద్దానికి మంచు పట్టినట్టు తెల్లటి పొర.

"పగులుకి జిగురు రాశానే. గట్టి జిగురే. పొద్దున చూస్తే ఇదీ వరస" అన్నాడు.

వెర్నా పడీపడీ నవ్వింది. తర్వాత చెప్పింది. "ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి వదుల్తుందయ్యా. పగులులోంచి లోపలికి దూరి నీ డాలర్ మీద కూర్చుంది. ముప్ఫై ఏళ్లు నా పక్కన పడుకున్నావు, ప్లాస్టిక్ గురించి ఒక్కసారైనా అడిగావా?"

ఆమె అడగమన్నదాంట్లో న్యాయం ఉంది. పందొమ్మిదో ఏట కారు బ్యాటరీల ఫ్యాక్టరీలో చేరింది వెర్నా. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చుల్లోకి కొట్టి బ్యాటరీ పెట్టెలు తీసే షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసింది. అందులో ఇరవై ఏళ్లు తనిఖీ బల్ల దగ్గరే. వేడి పెట్టె చేతిలోకి రాగానే దీపానికి అడ్డంగా పట్టుకుని తిప్పి, బాగుంటే తన ముద్ర వేసి వదిలేది, లేకపోతే పక్కన పడేసేది. ఒకసారి వెంట్రుక కన్నా సన్నని గీత కనబడిందని తాడు లాగి మిషన్ ఆపేసింది. ఫోర్‌మన్ ఎగురుకుంటూ వచ్చి, "నా కంటికేం కనబడట్లేదే! దీనికోసం గంట పని ఆపుతావా?" అన్నాడు. "నీ కంటికి కనబడదనే కదా నా కంటికి జీతం ఇస్తున్నారు" అంది వెర్నా. అచ్చు విప్పి చూస్తే లోపల చిట్లి ఉంది. ఫోర్‌మన్ ఆ రోజు మధ్యాహ్నం ఎవరి కంటా పడకుండా మూలన కూర్చుని సూప్ తాగాడు. ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆమె ముద్రతో బయటికెళ్లిన పెట్టె ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు వెర్నా మెడ ఇప్పటికీ ఒక అంగుళం పొడుగవుతుంది.

ఫ్యాక్టరీ మూసేసిన మరుసటి వసంతంలో, ఇంట్లో ఊసుపోక, క్లెయిర్‌తో పాటు నాణేల సంతకి వచ్చింది. అక్కడ వంటగది తలుపు పక్క బల్ల మాలన్ డ్రైబెల్బిస్‌ది. మాలన్ పాడి రైతు. ఆవుల్ని కొడుక్కి అప్పగించాక పూర్తిగా నాణేలే పట్టాడు. ప్యాంటుకి రెండు పట్టీలు, తలకి పచ్చ టోపీ, నోటికి తాళం. ఆ తాళం తీస్తే వచ్చేది వెటకారమే. అయితే మా కౌంటీలో ఎవర్నడిగినా, మాలన్ అమ్మిన నాణేన్ని మళ్లీ చూసుకోనక్కర్లేదనే చెబుతారు. క్లెయిర్ ఆ రోజు డబ్బీలో ఉన్న ఒక అర డాలర్ నాణెం ఇచ్చి ఇంకోటి తీసుకుందామని అతని ముందు పెట్టాడు.

"డబ్బీ పగిలింది క్లెయిర్. ఇది నాకొద్దు" అన్నాడు మాలన్.

వెర్నా చెయ్యి చాచి డబ్బీ లాక్కుంది. దీపానికి పట్టి తిప్పింది. "ఇది పగులు కాదు. అచ్చులోకి ప్లాస్టిక్ రెండు పక్కల నుంచి వచ్చి కలిసిన చోటు. పుట్టుమచ్చ లాంటిది. పుట్టుమచ్చ ఉన్న పిల్లని దెబ్బలు తిన్న పిల్ల అంటావేంటి?"

"నాణెం చూడమని తీసుకొస్తే ఈవిడేంటయ్యా డబ్బీ చూస్తుంది? పెళ్లికూతుర్ని వదిలేసి పల్లకీ చూసినట్టుంది" అన్నాడు మాలన్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఆ పల్లకీ పగిలిందని బేరం వదిలేసింది నువ్వే కదా! అదే కంపెనీ, అదే కాలం డబ్బీలు నీ దగ్గరుంటే తియ్యి" అంది వెర్నా. మాలన్ అయిదు తీశాడు. అయిదింటికీ సరిగ్గా అదే చోట అదే గీత ఉంది. మాలన్ టోపీ తీసి, బుర్ర గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. క్షమాపణ అతని వంశంలో లేదు. కానీ ఆ శరదృతువు సంతకి గీతలు పడ్డ డబ్బీలు కాగితం సంచీ నిండా పట్టుకొచ్చి వెర్నా ముందు పెట్టి, "నోరు మంచిది కాకపోయినా కళ్లు మంచివి. వీటినేమైనా చెయ్యగలవా?" అన్నాడు.

అదీ ఆమె బల్ల పుట్టిన కథ. బల్ల మీద ఒక దీపం, భూతద్దం, గిన్నెలో సబ్బు నీళ్లు, మెరుగు పెట్టే ముద్ద రెండు రకాలు, క్లెయిర్ పాత బనియన్లు కత్తిరించిన ముక్కలు ఉంటాయి. పైపై గీతలైతే అక్కడికక్కడే రుద్ది పోగొడుతుంది. మూల చిట్లినా అతుకు గట్టిగా ఉంటే, కంపెనీకి పంపి కొత్త డబ్బీ వేయించుకోమంటుంది, అంకె మారదని ధైర్యం చెబుతుంది. అతుకే ఊడితే మాత్రం మొహం మీదే చెప్పేస్తుంది, "వాళ్లు మళ్లీ మొదట్నుంచి చూస్తారు. అంకె తగ్గినా తగ్గొచ్చు. వచ్చి నా మీద పడకు." తన చేత్తో డబ్బీ తెరవడం మాత్రం చచ్చినా చెయ్యదు. పైసా తీసుకోదు. ఇవ్వాలనిపించినవాళ్లు ఫైర్ హాల్ అంబులెన్స్ కోసం పెట్టిన చందా సీసాలో వేసి పోవడమే.

ఇక అసలు సంగతికి వస్తాను. అది 2014 మార్చి సంత.

ఆ ఏడు జనవరిలో మాలన్ ఒక డైమ్ అమ్మాడు. 1916లో డెన్వర్ టంకశాలలో కొట్టిన పది సెంట్ల బిళ్ల. అవి కొట్టిందే తక్కువ కాబట్టి దొంగలకి ఆ బిళ్లంటే మహా ఇష్టం. మామూలు డైమ్ మీద డెన్వర్ అక్షరం అతికించి అమ్మేస్తుంటారు. అయితే మాలన్‌ది పాతికేళ్ల నాటి చిన్న డబ్బీలో ఉంది. ఆ పాత డబ్బీలంటే మా వాళ్లకి పిచ్చి. అప్పట్లో అంకెలు ఇచ్చినవాళ్లు పిసినారులనీ, ఇప్పటివాళ్లది ధారాళమైన చెయ్యి అనీ అందరి నమ్మకం. అందుకే అదే అంకె పాత డబ్బీ మీద ఉంటే ధర ఎక్కువ. కొన్నది జానెల్ ష్లీగల్, పశువుల ఆసుపత్రిలో డాక్టరుకి సహాయకురాలు. ఏడాదంతా కూడబెట్టి ఏడాదికి ఒకే ఒక్క నాణెం కొంటుంది.

కొన్న ఆరు వారాలకి ఆమె డబ్బీ తీసి చూస్తే, ఒక అంచు పొడుగునా సన్నటి తెల్ల గీతలు బారుగా ఉన్నాయి. కొన్న రోజున అవి లేవు. ఫొటో తీసి ఎవరికో చూపిస్తే, "అంచు దగ్గర చాకు పెట్టి తెరిచారు, లోపల బిళ్ల మార్చారు" అన్నాడట. జానెల్ సంత నడిపే మా నాణేల సంఘానికి ఫిర్యాదు రాసింది.

మా సంఘంలో ఇలాంటి తగువులు ఎప్పుడూ సంత రోజు పొద్దున్నే, జనానికి తలుపులు తీయకముందే, అందరి ముందూ తేలుతాయి. తేలేదాకా, ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి తన బల్ల మీద కప్పిన దుప్పటి తియ్యకూడదు. తెరిచిన డబ్బీ అమ్మినట్టు రుజువైతే ఆ బల్ల ఇక జన్మలో దొరకదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ వంటగది తలుపు పక్కనే కూర్చుంటున్న మాలన్ డ్రైబెల్బిస్, ఆ రోజు ఏడున్నరకి నీలం గళ్ల దుప్పటి కప్పిన తన బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిగతావాళ్లు తమ తమ బల్లలు సర్దుకుంటూ అటు చూడనట్టు చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే రకాలు ఆ హాల్లో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లే మాలన్ గురించి ఎక్కువ గుసగుసలాడారు.

సంఘం అధ్యక్షుడు లమార్ వెంట్జ్, బడి బస్సుల కాంట్రాక్టరు, నెమ్మదస్తుడు. డైమ్ ఉన్న డబ్బీని వెర్నా బల్ల మీద పెట్టి, "చూడు వెర్నా. నువ్వేం చెబితే అదే. ఇద్దరూ ఒప్పుకున్నారు" అన్నాడు.

"ముందే చెబుతున్నాను. మాలన్ తెరిచాడంటే, తెరిచాడనే చెబుతా" అంది వెర్నా.

"నేను బతిమాలానా?" అన్నాడు మాలన్ అటునుంచి. గొంతులో వెటకారం ఉంది గానీ మొహంలో నెత్తురు లేదు.

వెర్నా దీపం పక్కకి వాల్చి భూతద్దం కంటికి పెట్టుకుంది. మొదటి చూపులోనే ఒక సంగతి తేలిపోయింది. ఇది చాకు పని కాదు. చాకు పెడితే అతుకు నలిగి తెల్లగా ముద్ద కడుతుంది, చిట్లిన ముక్కలు లోపలికి పడతాయి. ఇక్కడ అతుకు చెక్కు చెదరలేదు. గీతలన్నీ పైపొరలోనే, వాన లేని పొలంలో పడే నెర్రెల్లాగా, అంచు నుంచి పుట్టి ఒకే పొడవున ఆగిపోయాయి. మాలన్ నిర్దోషి. ఆమె తల ఎత్తి ఆ మాట చెప్పబోయింది.

చెప్పబోయి, మళ్లీ వంగింది. గీతలు ఒక్క అంచునే ఎందుకున్నాయి? అదీ అంచంతా కాదు, బొటనవేలు వెడల్పున ఎందుకున్నాయి? ఆ చోటు ఆమె వేలికి గుర్తుంది. డిసెంబరులో మాలన్ ఈ డబ్బీనే ఇంటికి తెచ్చి, "పైన గీతలు తియ్యి, అంచు మీద ఎవడో అంటించిన ధర చీటీ జిగురు కూడా తియ్యి" అన్నాడు. గీతలు పోయాయి. జిగురు పోలేదు. సబ్బు నీళ్లకి లొంగలేదు, గోటికి లొంగలేదు. అప్పుడు వెర్నా దూది పుల్ల స్పిరిట్‌లో ముంచి ఆ చోట రుద్దింది. కొత్త డబ్బీల మీద వందసార్లు చేసిన పనే, ఏమీ కాలేదు. కానీ ఇది పాతది. పాతవాటి అంచుల్లో అతికినప్పటి బిగువు అలాగే ఉండిపోతుంది. బిగువున్న ప్లాస్టిక్‌కి స్పిరిట్ తగిలితే ఇవాళ కాకపోతే నెలకైనా నెర్రెలిస్తుంది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటి రోజు తనే చెప్పిన పాఠం అది.

వెర్నా భూతద్దం కింద పెట్టి, బొటనవేలితో ఆ అంచుని తడిమింది.

పక్కన నిలబడ్డ క్లెయిర్ ఆమె బొటనవేలు ఆ అంచు మీద ఆగిపోవడం చూశాడు. "ఏమైందే?" అని చెవిలో అడిగాడు.

"నేనే."

"నువ్వేంటి?"

"ఉండవయ్యా, ఆలోచించుకోనీ."

ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు నిజానికి. "పాత ప్లాస్టిక్, వయసు మీద పడి నెర్రెలిచ్చింది, మాలన్ తప్పేం లేదు" అంటే చాలు. మాలన్ దుప్పటి తీసుకుంటాడు, జానెల్ నిమ్మళంగా ఇంటికి పోతుంది. అది పచ్చి అబద్ధం కూడా కాదు, సగం నిజమే. ఆమె మాట కాదనేవాడు ఆ హాల్లో లేడు. ఇప్పుడు నిజం చెబితే పోయేది మాలన్ పేరు కాదు, తన పేరు. వెర్నాకి భయం వేసింది. అరవై అయిదేళ్ల వయసులో, ఇంతమంది మధ్య, బడిపిల్లలా భయం వేసింది. మాలన్ వైపు చూసింది. అతను ఇటు చూడటం లేదు, దుప్పటి అంచున ఊడిన దారాన్ని చూస్తున్నాడు.

"తెరవలేదు. అతుకు కంపెనీ వేసిందే. మాలన్ ఏ తప్పూ చెయ్యలేదు" అంది వెర్నా గట్టిగా.

హాలంతా ఊపిరి వదిలింది. లమార్ చేతులు రుద్దుకున్నాడు. "హమ్మయ్య! పాత సరుకు కదా, వయసు ప్రభావం అని రాసేసుకుందాం."

"మరి నేను కొన్న రోజున ఎందుకు లేవు?" అంది జానెల్. తగువుకి అడగలేదు, అర్థం కాక అడిగింది. "వయసే అయితే నా దగ్గరున్న ఆరు వారాల్లోనే ఎలా వచ్చాయి? నా మిగతావన్నీ కూడా ఇలాగే అవుతాయా?"

"అవవు. ఇది వయసు కాదు, నేను చేసింది" అంది వెర్నా.

లమార్ కంగారుగా వంగి, "వెర్నా, ఎందుకిప్పుడు..." అని గొణిగాడు.

"నువ్వాగు లమార్. నేనేం చెబితే అదే అన్నావుగా, చెప్పనీ." ఆమె లేచి నిలబడింది. "డిసెంబరులో దీని జిగురు వదల్లేదని స్పిరిట్ పెట్టి రుద్దాను. పాతదానికి పెట్టకూడదు. తెలిసి కూడా పెట్టాను. మాలన్‌కి ఈ సంగతి తెలియదు, నేను చెప్పలేదు. నమ్మకం లేకపోతే చూపిస్తాను, రండి."

బల్ల కింద బిస్కెట్ల డబ్బాలో ఆమె పోగేసిన పాత ఖాళీ డబ్బీల చిప్పలున్నాయి. ఒకే కాలానివి రెండు తీసింది. రెండింటినీ కాస్త వంచి, వంపు నిలిచేలా బట్టల క్లిప్పులు బిగించింది. ఒకదాని అంచుకి సబ్బు నీళ్లు రాసింది. రెండోదానికి, వంటగదిలో గాయాల పెట్టెలోంచి క్లెయిర్ తెచ్చిన స్పిరిట్ రాసింది. "అందరూ చూడండి. ముక్కులు మాత్రం దూరంగా పెట్టుకోండి" అంది.

బల్లలు వదిలేసి అందరూ వచ్చారు. వంటగదిలో చికెన్ కార్న్ సూప్ కలుపుతున్న ఆడవాళ్లు కూడా గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు. ఒక నిమిషం ఏమీ లేదు. ఎవరో దగ్గారు. రెండో నిమిషం సగంలో స్పిరిట్ రాసిన చిప్ప అంచు మీద ఒక తెల్ల గీత లేచింది, దాని పక్కన ఇంకొకటి, తర్వాత బారుగా. సబ్బు నీళ్ల చిప్ప అద్దంలా అలాగే ఉంది. వెర్నా ఆ నెర్రెల చిప్పని డైమ్ డబ్బీ పక్కన పెట్టింది. అక్కచెల్లెళ్లని పక్కపక్కన నిలబెట్టినట్టుంది. ఇక అడగాల్సింది ఎవరికీ మిగల్లేదు.

ఒక విచిత్రం చెప్పాలి. ఆ గీతలు అనుకున్నట్టే లేస్తున్నప్పుడు వెర్నాకి సిగ్గుతో పాటు సంతోషం కూడా కలిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ల చదువు అది. తన తప్పుని తనే ఇంత శుభ్రంగా రుజువు చెయ్యగలిగిన మనిషి ఆ నాలుగు కౌంటీల్లో ఇంకెవరూ లేరని ఆమెకి తెలుసు. ఆ క్షణంలో కూడా ఆ సంగతి ఆమె మర్చిపోలేదు.

"అయితే కంచే చేను మేసిందన్నమాట!" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఇందాక భుజాలు తడుముకున్నవాళ్లలో వాడొకడు.

"మేసింది. మేశానని కంచే వచ్చి చెబుతోంది. మీ బల్లల దగ్గర మేసిన కంచె ఏదైనా ఎప్పుడైనా ఇలా వచ్చి చెప్పిందా?" అంది వెర్నా. క్లెయిర్ అందరికన్నా ముందు నవ్వాడు. తర్వాత సూప్ గరిటెలు నవ్వాయి, ఆ తర్వాత హాలంతా నవ్వింది. వెనకున్నవాడు వెనక్కే సర్దుకున్నాడు.

మాలన్ మాత్రం నవ్వలేదు. తన బల్ల దగ్గరికి వెళ్లి దుప్పటి తీసి మడత పెట్టాడు. అంచుకి అంచు కలిపి, చాలాసేపు మడత పెట్టాడు. జానెల్ అతని దగ్గరికి వెళ్లి, "మాలన్ గారూ, నేను తొందరపడ్డాను" అంది.

"అడగడం నీ హక్కు. అడక్కుండా ఊరంతా చెప్పుకుని ఉంటే అది తప్పు" అన్నాడు. తర్వాత వెర్నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "జిగురు వదల్లేదని ఒక్క మాట నాతో చెప్పి ఉంటే, జిగురుతోనే అమ్మేవాణ్ని కదమ్మా."

"వదల్లేదని చెప్పడం నాకు చేతకాలేదు మాలన్. వచ్చిన తంటా అంతా అదే."

మాలన్ తల ఊపాడు. "నాకూ చేతకాదు" అన్నాడు. ఇన్నేళ్లలో అతను ఒక మనిషితో తనకేదో చేతకాదని చెప్పడం అదే మొదలని లమార్ ఇప్పటికీ అంటాడు.

ఎనిమిదిన్నర అయింది. బయట చలిలో జనం వరస కట్టారు. వెర్నా డైమ్ డబ్బీని బనియన్ గుడ్డ మీద పెట్టి జానెల్‌ని పిలిచింది. ఇప్పుడు ఆమె గొంతు మళ్లీ పని గొంతు. "చూడమ్మా. అతుకు గట్టిగా ఉంది కాబట్టి కంపెనీకి పంపితే అంకె మార్చకుండా కొత్త డబ్బీ వేస్తారు. పంపే ఖర్చు నాది. కాకపోతే పాత డబ్బీ పోతుంది. కొత్త పెద్ద డబ్బీలో వస్తుంది. పంపనా?"

జానెల్ డబ్బీని చేతిలోకి తీసుకుని దీపానికి పట్టుకుంది, అచ్చం వెర్నా పట్టుకునేటట్టే. "పంపకపోతే లోపలిదానికి ఏమైనా ప్రమాదమా?"

"ఇలాగే ఉంటే ఏమీ కాదు. కింద పడేస్తే మాత్రం ముందు ఇక్కడే విరుగుతుంది. పడెయ్యకు."

"అయితే ఉంచుకుంటాను."

"ఈ గీతలతోనా? మంచి పిల్లవే! రేపు నువ్వు అమ్మాలనుకుంటే చూసిన ప్రతివాడూ అడుగుతాడు, ఇవేంటని."

"అడగనీండి. మీ పేరు చెబుతాను. మీరే చేశారనీ, మీరే నలుగురిలో లేచి చెప్పారనీ చెబుతాను. ఈ హాల్లో ఇంకే డబ్బీకీ అలాంటి పూచీ లేదు కదా."

గీత కనబడితే రుద్ది పోగొట్టడం తప్ప ఇంకోటి తెలియని చేతులు వెర్నావి. ఇప్పుడు కూడా వేళ్లు గుడ్డ వైపు వెళ్లాయి. వాటిని ఒళ్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లొచ్చాయి గానీ తుడుచుకోలేదు, మెడ మాత్రం నిటారుగా నిలబెట్టింది.

"చెప్పు. ఇంటిపేరుతో సహా చెప్పు. ఈ కౌంటీలో వెర్నాలు ఇంకో ముగ్గురున్నారు, ఇది వాళ్ల ఖాతాలోకి పోకూడదు" అని, నెర్రెలున్న ఆ డబ్బీని మెత్తటి సంచీలో పెట్టి, తన చేత్తోనే జానెల్ చేతికిచ్చింది.